తొమ్మిదంగుళాలు తక్కువైన కాన్పు గది

పద్దెనిమిది అడుగులు అని అంకె రాసి ఉన్న గీత మీద మౌస్‌తో నొక్కాను. పక్కన తెరుచుకున్న చిన్న పెట్టెలో ఆ గీత అసలు పొడవు కనిపించింది. పదిహేడడుగుల మూడంగుళాలు.

గోడ గడియారంలో తొమ్మిదీ నలభై. పది కొట్టగానే కరెంటు పోతుంది. బల్ల కింద మా నాలుగేళ్ల బాబు యూపీఎస్ మీది ఎర్ర బటన్‌ను ప్రేమగా చూస్తూ కూర్చున్నాడు. వాడి చేయి ఒక చేత్తో పట్టుకొని, ఇంకో చేత్తో ఆ గీతను మళ్లీ నొక్కాను. పదిహేడడుగుల మూడంగుళాలే. ఆ గీత సిరిసిల్లలో కడుతున్న ఒక నర్సింగ్ హోంలో కాన్పు గదిది. ఆ గది మీద స్లాబ్ పోసేది ఆ రోజే, మధ్యాహ్నం ఒంటిగంటకు. స్లాబ్ కింది బీముల్లోకి వెళ్లే ఇనుప రాడ్లను కోసింది నేను తయారు చేసి ఇచ్చిన జాబితా చూసి.

మొన్న మా కాలేజీ మేడం ఫోన్ చేసి, ఈ పని నేర్చుకుంటున్న జూనియర్ల కోసం ఉద్యోగంలో జరిగిన ఏదైనా ఒక సంగతి రాసి పంపమన్నారు. నేను ఆ ఉద్యోగం వదిలి నెల అయింది. ఆఫీసు హైదరాబాద్‌కు మారింది, నేను మారలేదు. బాగా చేసిన పనులు కూడా కొన్ని ఉన్నాయి, కానీ పిల్లలు పడుకున్నాక కాగితం ముందేసుకుంటే నాలుగు రాత్రులుగా ఆ తొమ్మిదంగుళాలే గుర్తొస్తున్నాయి. రెండేళ్ల కిందటి మాట. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు.

మా ఆఫీసు జగిత్యాలలో ఒక బట్టల దుకాణం పైన ఉండేది. గల్ఫ్‌లో చాలా ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి వచ్చిన మా బాస్ ఆరు కంప్యూటర్లతో దాన్ని పెట్టాడు. అక్కడి కంపెనీలు పంపే పాత నక్షలను మోడల్‌గా మార్చి తిరిగి పంపడం మా పని. నేను కోరుట్ల నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. సమ్మెతో బస్సులు ఆగిపోయాయి. మా ఆయన ఆర్టీసీలో కండక్టర్, అంటే బస్సులు ఆపినవాళ్లలో ఆయనా ఒకడు. చివరికి బాస్ నా కంప్యూటర్‌ను ఇంటికే తీసుకుపొమ్మన్నాడు. మానిటర్‌కు పాత చీర చుట్టి, సీపీయూను ఒళ్లో పెట్టుకొని ఆటోలో తెచ్చుకున్నాను. బొగ్గు గనుల్లోనూ సమ్మె కాబట్టి రోజులో సగానికి పైగా కరెంటు కోతే. బడులూ మూతే. కరెంటు ఉన్నంతసేపు మోడల్, పోయాక వంట, ఈ రెంటి మధ్య ఆరేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, వాళ్ల తగవులు.

ఈ పని తెలియని వాళ్లకు రెండు మాటలు చెప్పాలి. మామూలు నక్షలో గోడ అంటే రెండు గీతలు, అంతే. మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో గోడ నిజంగా గోడలాగే లేస్తుంది. దాని ఎత్తు, మందం, అందులో ఇటుక ఎంత, బీములో ఇనుము ఎంత, అన్నీ అదే లెక్క కట్టి చెప్తుంది. పాత నక్షను అడుగున పరుచుకొని, దాని గీతల వెంట గోడలూ పిల్లర్లూ బీములూ నిలబెట్టుకుంటూ పోవాలి. ముగ్గు పిండితో వేసిన గీతల మీద పునాది తవ్వినట్టే. అయితే ఇక్కడ ముగ్గు పోసింది వేరొకరు.

సిరిసిల్ల పని మాకు ఊళ్లలో దొరికిన మొదటి పని. ఆ నర్సింగ్ హోం డాక్టరమ్మది. కింది అంతస్తు పిల్లర్లూ గోడలూ పాత పద్ధతిలో, కాగితం నక్ష చూసి మేస్త్రి కట్టేశాడు, దాని మీది స్లాబే మిగిలింది. ఇనుము చాలా మిగిలి వృథా అయిందని ఆమెకు కోపం వచ్చింది. గల్ఫ్‌లో ఉన్న వాళ్ల బంధువు ఎవరో ‘ఇప్పుడు కంప్యూటర్లో కట్టి చూసుకొని తర్వాత కడతారు’ అని చెప్పడంతో మా దగ్గరికి వచ్చారు. నేను ఆమె దగ్గరున్న ఆ పాత నక్ష కంప్యూటర్ ఫైలును మోడల్‌లోకి తెచ్చి, స్లాబ్‌కు ఏ రాడ్డు ఎంత పొడవు కోయాలో జాబితా తీసి ఇచ్చాను. జాబితా చూసి డాక్టరమ్మ కూలీలందరి ముందు మేస్త్రితో, ‘చూడు, పని అంటే ఇట్ల ఉండాలె. కంప్యూటర్ చూసి నేర్చుకో’ అన్నదట. అది నాకు తర్వాత తెలిసింది.

ఆ ఉదయం నేను పై అంతస్తు పని మొదలుపెట్టాను. కాన్పు గదిలో రెండో మంచం పడుతుందా అని డాక్టరమ్మ అంతకుముందు రోజు అడిగింది. అది చూద్దామనే పాత నక్షలో కొలతల అంకెలు విడిగా ఉండే పొరను, అంటే లేయర్‌ను, ఆన్ చేశాను. అప్పటిదాకా అది ఆఫ్‌లో ఉంది. ఎందుకంటే అంకెలన్నీ కనిపిస్తుంటే తెర మీద ఈగలు వాలినట్టుండేది, గీతలు సరిగా కనిపించేవి కావు. అందుకని పని మొదలుపెట్టిన రోజే ఆపేశాను. నా తప్పు అదే. ఇంత చిన్నది. గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచి చూసే మనిషిని, ఒక్కసారి కూడా అంకెనూ గీతనూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

పది కొట్టకముందే మూడు ఫోన్లు చేశాను.

మొదటిది డాక్టరమ్మకు. నర్సు ఎత్తి, ‘మేడం ఆపరేషన్ల ఉన్నరు, ఎంతసేపయితదో తెల్వది’ అంది.

రెండోది మేస్త్రికి.

“మేస్త్రీ, స్లాబ్ ఆపాలె. కాన్పు గది కాడ కొలత తేడా అచ్చినట్టున్నది.”

“తేడానా? కంప్యూటర్ల గూడ తేడా అస్తదా అమ్మా?” అన్నాడు ఎంతో అమాయకంగా.

“ఒక్కసారి టేపు పెట్టి చూడుండ్రి. పిల్లర్ కాడికెల్లి పిల్లర్ దాక.”

“నేను చూడ. నా టేపు మీద నమ్మకం లేకనే గద మిమ్ముల పెట్టుకున్నరు. లేబర్ అచ్చిండ్రు, మిల్లర్ అచ్చింది, యాట గూడ తెగింది. ఒంటిగంటకు మంచి గడియ. ఆపాలంటే మీరే అచ్చి ఆపుండ్రి.”

పెట్టేశాడు. కాంక్రీటు కలిపే మిషన్‌ను మా వైపు మిల్లర్ అంటారు. అది అద్దెకు వచ్చి, స్లాబ్ రోజు కూలీలకు పెట్టే విందు కోసం మేక కూడా తెగిందంటే, ఇక ఫోన్లతో ఆగే పని కాదు.

మూడోది మా బాస్‌కు. ఆయన అంతా విని, “పక్కానా?” అన్నాడు.

“పక్కా కాదు సార్. అక్కడ పిల్లర్ల నడుమ ఎంతున్నదో కొలిస్తేనే తెలుస్తది. పద్దెనిమిది ఉంటే మాత్రం రాడ్లు పొట్టిగున్నట్టే.”

“టెన్షన్ తీస్కోకు. పోయి చూడు. గనీ ఒక్క మాట. తప్పు మనదని మాత్రం అనకు. డ్రాయింగ్లనే తేడా ఉన్నదను. అది ఝూట్ కాదు గద? ఊళ్లె మొదటి పని ఇది. పేరు పోతే మల్ల రాదు.”

కరెంటు పోయింది.

ఆ నక్ష గీసిన పెద్దాయన మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉంటారు. ప్రభుత్వ ఉద్యోగంలో నక్షలు గీసి రిటైరయ్యారు. కోరుట్లలో అందరికీ ఆయన నక్షా సారు. బల్ల మీద పెన్సిల్‌తో గీసిన చేతులు, యాభై దాటాక మౌస్ పట్టడం నేర్చుకున్నాయి. నేను వెళ్లేసరికి ముందు గదిలో పేపరు చదువుతున్నారు.

“సార్, కాన్పు గది పొడుగు ఎంత?”

“పద్దెనిమిది.” తల కూడా ఎత్తలేదు.

“గీత పదిహేడు మీద మూడే ఉన్నది సార్.”

“గీతతోని నీకేం పని బిడ్డా? నేను రాసిందెంత?”

“పద్దెనిమిది.”

“మరి? మేస్త్రి అంకె సదువుతడు గని గీతను కొలుస్తడా?”

అసలు సంగతి అప్పుడు తెలిసింది. నక్ష పూర్తిగా గీశాక డాక్టరమ్మ మామగారు ఆయం లెక్క కట్టించారట. వాస్తులో గది కొలతలను బట్టి మంచీ చెడూ చెప్పే లెక్క అది. ఆ గదికి మంచి ఆయం రాలేదు. పొడవు తొమ్మిదంగుళాలు పెంచితే వస్తుందన్నారు. ఒక గది పెరిగితే పక్క గోడ జరపాలి, కిటికీలు జరపాలి, మెట్లు జరపాలి. సారు ఏ గీతనూ కదపలేదు. పాత అంకెను చెరిపి పద్దెనిమిది అని టైప్ చేసేశారు. సాఫ్ట్‌వేర్ ఆ వీలు ఇస్తుంది. ఆయన తరం వాళ్లందరూ అలాగే చేశారు, ఏ ఇల్లూ కూలలేదు. ఎందుకంటే ప్రతి నక్ష మూలనా ‘రాసిన కొలతలే పాటించవలెను, గీతలను కొలవరాదు’ అని ఉంటుంది. మేస్త్రులు అదే పాటించారు. గీతలను కొలిచి కట్టే మనిషి ఒకతి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

“అంటే మీ సాఫ్ట్‌వేర్ అంకెలు సదువదా?” అన్నారు మెల్లగా.

“సదువదు సార్. నేను గీతల మీదికెల్లి పోయిన.”

“కింది అంతస్తు మేస్త్రి నా అంకె చూసి కట్టిండు. అంటే పిల్లర్లు పద్దెనిమిదికి ఉన్నయి.” పేపరు మడిచారు. “నీ రాడ్లు పదిహేడు మీద మూడుకు ఉన్నయి. ఇనుము కోసిండ్రా?”

“కోసిండ్రు. ఒంటిగంటకు స్లాబ్.”

ఆయన లుంగీ సర్దుకుంటూ లేచారు. “ప్యాంటు ఏసుకొని అస్త. టేపు గూడ నాదే తెస్త. సైటు మీది టేపుకు మొదటి అంగుళం అరిగి ఉంటది.”

బీము రాడ్డు రెండు చివరలూ పిల్లర్లలోకి దిగి, అక్కడ వంగి ఉండాలి. ఆ పట్టు మీదే బీము నిలబడేది. తొమ్మిదంగుళాలు తగ్గితే ఒక చివర పిల్లర్‌ను ముట్టుకొని ఆగిపోతుంది. లేదా రెండు వైపులా సగం సగం తగ్గించుకోవాలి. కాంక్రీటు పోశాక పై నుంచి చూస్తే ఏమీ తెలియదు. నున్నగా, అందంగా ఉంటుంది. కింద మంచాల మీద ఎవరెవరు పడుకుంటారో ఆలోచించకుండా ఉండటానికి నేను స్కూటీ తాళం వెతుక్కున్నాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన తెల్ల చొక్కా వేసుకొని బయల్దేరుతున్నాడు. ఆ రోజు దీక్షా శిబిరంలో ఆయన వంతు. పొద్దున నుంచి సాయంత్రం దాకా నిరాహారం.

“బస్సులు బంద్ పెట్టింది మీరే గద. ఇప్పుడు నేను సిరిసిల్లకు ఎట్ల పోవాలె?” అన్నాను.

“తెలంగాణ అచ్చినంక పో.”

నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. రెండు నిమిషాల్లో అంతా చెప్పాను. “నేను తీస్కపోదును గని, నా పేరు మైకుల చదివిండ్రు. పిల్లలను నేను తీస్కపోత. దీక్షల నా పక్కన కూసుంటరు, ఫోటో గూడ మంచిగస్తది. నువ్వు నడువు,” అన్నాడు. పిల్లలు నాన్నతో శిబిరంలో కూర్చొని, నిరాహార దీక్షలో ఉన్న మనుషుల ముందు ఆరు అరటిపండ్లు, ఒక బిస్కెట్ ప్యాకెట్ తిన్నారని సాయంత్రం తెలిసింది.

పదిన్నరకు నేనూ నక్షా సారూ స్కూటీ మీద బయల్దేరాం. సన్నగా తుంపర పడుతోంది. ఆయన టేపును చొక్కా లోపల పెట్టుకొని, వెనక సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకొని, ప్రతి గుంతకూ ముందే ‘గుంత’ అని చెప్తూ వచ్చారు. కథలాపూర్ దాటేదాకా బాగానే నడిచింది. రుద్రంగి దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్లు, రాళ్ల వెనక పొయ్యిలు, పొయ్యిల మీద పెద్ద పెద్ద గిన్నెలు. వంటావార్పు, రోడ్డు మీదే వండుకు తినే నిరసన. నలభై యాభై మంది ఆడవాళ్లు రోడ్డు మీద కూర్చొని కూరగాయలు కోస్తున్నారు.

“ఎటు? ఎటు? బండి ఆపుండ్రి,” అంది ముందున్న పెద్దావిడ, చేతిలో వంకాయతో.

నేను నోరు తెరిచేలోపే సారు, “సిరిసిల్ల దవాఖాన అమ్మా. కాన్పు గది ముచ్చట. ఆలస్యమైతే పాణాల మీదికి అస్తది,” అన్నారు. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఆవిడ నా కడుపు వైపు చూసింది. తర్వాత సారును చూసింది. “ఓ పెద్దమనిషీ, నొప్పులతోని ఉన్న పిల్లతోని బండి నడిపిస్తున్నవా? నీకు సిగ్గున్నదా?”

“నాకు నొప్పులు లేవు పెద్దమ్మా,” అని, స్లాబ్ సంగతి నేను విప్పి చెప్పేసరికి అక్కడున్నవాళ్లంతా నవ్వారు. పెద్దావిడ నవ్వలేదు. “దవాఖాన మీద స్లాబ్ కూలుతదంటే నడువుండ్రి మరి. గని ఉత్తగ పోవద్దు. మూడుసార్లు జై తెలంగాణ అనుండ్రి.” అన్నాం. నా కంటే సారు గొంతే గట్టిగా పలికింది. ఇద్దరమ్మాయిలు లేచి రాళ్లు పక్కకు జరిపారు.

చందుర్తిలో ఒక చోట, వేములవాడలో ఇంకో చోట ఆపారు. అప్పటికి మాకు మాటలు అలవాటైపోయాయి, నినాదం ముందే అనేసేవాళ్లం. సిరిసిల్లలోకి వచ్చేసరికి పన్నెండూ నలభై. కరెంటు లేక మరమగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. మగ్గాల చప్పుడు లేని సిరిసిల్లను నేను అదే మొదటిసారి చూడటం. ఆ నిశ్శబ్దంలో దూరం నుంచే డీజిల్ మిల్లర్ తిరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

సైటు దగ్గర కొబ్బరికాయ కొట్టేశారు. సిమెంటు మూట విప్పి ఉంది. కూలీలు తట్టలు పట్టుకొని వరుసగా నిలబడ్డారు. మేస్త్రి తలకు తువ్వాలు చుట్టుకొని, నన్ను చూసి ఆశ్చర్యపోయినట్టు కూడా కనిపించలేదు.

“అచ్చినవా అమ్మా? నిజంగనే అచ్చినవు.” మిల్లర్ ఆపమని చేయి ఊపాడు. “ఎక్కుండ్రి. మీరే కొలువుండ్రి.”

వెదురు నిచ్చెన ఎక్కాను. నా వెనక నక్షా సారు కూడా ఎక్కారు, వద్దంటే వినలేదు. చెక్కల మీద రాడ్లు అల్లి ఉన్నాయి. వాటి మధ్య కాళ్లు పెట్టుకుంటూ కాన్పు గది మీదికి వెళ్లాం. సారు ఒక పిల్లర్ లోపలి అంచుకు టేపు మొదలు పట్టుకున్నారు. నేను రెండో పిల్లర్ దాకా లాగి, వంగి చదివాను. పద్దెనిమిది. పక్క వరుసలో కొలిచాను. పద్దెనిమిది. అప్పుడు రాడ్డు చివర చూశాను. పిల్లర్‌లోకి దిగి వంగాల్సిన కొక్కెం లేదు. వంచకుండా తిన్నగా వదిలేసి ఉంది. మొండి చివర పిల్లర్ అంచు మీద, కొంగ ఒంటికాలి మీద నిలబడ్డట్టు ఆనుకొని ఉంది.

“మేస్త్రీ, ఈ కొక్కేలు?”

“అందలేదమ్మా. వంచితే మధ్యల తక్కువయితుంది. అందుకే వంచలే.”

“అంటే మీకు ఎరుకేనా?”

“నిన్ననే ఎరుక,” అన్నాడు. “మా ఇంట్ల చిన్న పిలగాన్ని అడిగినా చెప్తడు. గని కంప్యూటరోళ్లకు నాకు తెల్వని లెక్క ఏదన్న ఉండచ్చు అనుకున్న. పదిమంది ముంగట అడిగి మల్ల మాట పడుడెందుకని ఊకున్న.”

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. ఆపరేషన్ ముగించుకొని, ఆకుపచ్చ టోపీ ఇంకా తల మీదే ఉండగా, నర్సును వెంటబెట్టుకొని. మేం కిందికి దిగాం.

“మిల్లర్ ఎందుకు ఆగింది? గడియ దాటిపోతుంది,” అంది.

కాన్పు గది మీద రాడ్లన్నీ తొమ్మిదంగుళాలు పొట్టిగా ఉన్నాయని, ఈ రోజు స్లాబ్ పోయకూడదని చెప్పాను. ఆమె టోపీ తీసి నర్సు చేతికిచ్చింది. తర్వాత, “ఇది ఎవరి తప్పు?” అంది.

మేస్త్రి ఆకాశం వైపు చూశాడు. నక్షా సారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు. వాన నీళ్లతో, రోడ్డు బురదతో ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా తడిసిపోయి ఉంది. మా బాస్ ఇచ్చిన వాక్యం నా నాలుక చివర సిద్ధంగా ఉంది. ‘డ్రాయింగ్‌లోనే తేడా ఉంది మేడం.’ నిజమే కదా. ఆ మాట అంటే నా ఉద్యోగం నాకుంటుంది, ఆఫీసు పేరు ఆఫీసుకుంటుంది, మొత్తం ఆ పెద్దాయన మీద పడుతుంది. అరవై దాటిన మనిషి, నాతో రాకుండా ఇంట్లో పేపరు చదువుకుంటూ ఉండిపోవచ్చు, కానీ వచ్చారు.

“నాది మేడం,” అన్నాను. “నక్షల పద్దెనిమిది అని రాసే ఉన్నది. నేను అంకెలు బంద్ పెట్టి గీతల మీద కట్టిన. చూసుకోవాల్సింది నేనే.”

“సగం నాది,” అన్నారు సారు వెంటనే. “గీతను జరపకుండ అంకె మార్చింది నేను.”

“అయితే నాకేం మిగులలే,” అన్నాడు మేస్త్రి.

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. “నీకు తెలుసా ఇది?”

“ఎరుకే.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“కంప్యూటర్ చూసి నేర్చుకో అన్నరు గద మేడం. నేర్చుకున్న.”

కూలీల్లో ఎవరో దగ్గాడు. డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. “నేను కడుపు కోసేటప్పుడు, మేడం ఇది తప్పు అని నర్సు అంటే ఆగుత. నువ్వు నాకు ఎందుకు చెప్పవు?”

“నర్సును పదిమంది ముంగట తిట్టరు గద మేడం.”

“ఎవలన్నరు తిట్టరని?” అంది వెనక నుంచి నర్సు.

అప్పుడు మాత్రం డాక్టరమ్మకు నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే నా మీదా సారు మీదా గట్టిగా అరిచింది కూడా. రెండూ ఒకేసారి చేయగలదని ఆ రోజే తెలిసింది. ఇన్ని రోజుల తర్వాత కూలీలు దొరికారని, మళ్లీ గడియ ఎప్పుడుంటుందో తెలియదని, ఇంత చదువుకొని ఒక అంకె చూసుకోలేరా అని. నిలబడి విన్నాను. జూనియర్లకు ఒక మాట చెప్పాలి. తిట్లు తినడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే, దాన్ని ఏ కాలేజీలోనూ నేర్పరు. మధ్యలో అడ్డం మాట్లాడకపోతే త్వరగా అయిపోతుంది.

బీములు డిజైన్ చేసిన ఇంజనీరు కరీంనగర్‌లో ఉంటారు. ఆయనకు ఫోన్ చేసి అన్నీ చెప్పాం. రాడ్లు తీసేయనక్కర్లేదని, ప్రతి చివరా కొక్కెం వంచిన కొత్త ముక్క వేసి, పాత రాడ్డు మీద మూడడుగులకు పైనే కలిసి ఉండేట్టు కట్టాలని, ఫోటోలు చూపించాకే పోయాలని చెప్పారు. మేస్త్రి స్పీకర్లో అంతా విని, “గిదే నేను మనసుల అనుకున్నది,” అన్నాడు. నేను నక్షా సారుతో కలిసి ఒక సిమెంటు సంచి కాగితం మీద కొత్త ముక్కల జాబితా రాశాను. ఈసారి ప్రతి అంకెనూ ముందు మేస్త్రి టేపు పెట్టి చెప్తే, తర్వాత నేను రాశాను. అతను ప్రతిసారీ ‘రాసినవా?’ అని అడిగి, నేను చూపించాకే తర్వాతి దానికి వెళ్లాడు. తన టేపు మొదటి అంగుళం నిజంగానే అరిగిందని మాత్రం ఒప్పుకోలేదు.

స్లాబ్ పడలేదు గానీ కూర అప్పటికే ఉడికిపోయింది. ఇరవై మందికి వండిన అన్నం, యాటకూర. వెనక్కి వెళ్లిపోదామని స్కూటీ తీస్తుంటే మేస్త్రి వచ్చి బండి తాళం లాక్కున్నాడు.

“అంత దూరం నుంచి మా పని బంద్ పెట్టనీకి అచ్చినవు. తినకుంట ఎట్ల పోతవు? కూసో.”

ఇసుక కుప్ప పక్కన, విస్తరాకుల ముందు, నేనూ సారూ కూలీల వరుసలో కూర్చున్నాం. డాక్టరమ్మే స్వయంగా వడ్డించింది. నాకు రెండోసారి కూర వేస్తూ, “ఇంకోసారి ఇట్ల చేసినవంటే చూడు,” అంది. ఇంకో రెండు ముక్కలు వేసింది.

చీకటి పడకముందే కోరుట్ల చేరాం. బాస్ ఫోన్ చేశాడు.

“ఆగిందా?”

“ఆగింది సార్.”

“తప్పు మనదని చెప్పినవా?”

“చెప్పిన.”

“సరే. పండుకో,” అని పెట్టేశాడు. ఆ తర్వాత నెల రోజులు నాకు గల్ఫ్ పనులే ఇచ్చాడు, ఊరి పని ఇవ్వలేదు. కానీ ఆ నెలలోనే ఆఫీసులో ఒక పద్ధతి పెట్టాడు. ఏ నక్ష వచ్చినా మొదటి రోజు ఎవరూ ఒక్క గోడ కూడా లేపకూడదు. ప్రతి అంకెనూ నొక్కి, దాని కింది గీతతో సరిపోతోందా లేదా చూడాలి. సరిపోనివి ఎర్ర రంగు వేసి, గీసిన మనిషికి ఫోన్ చేసి అడగాలి. ఎంత పెద్ద కంపెనీ నక్షలోనైనా ఒకటో రెండో దొరికేవి. పరాయి దేశం నక్షా సార్లు కూడా మన నక్షా సారు లాంటి వాళ్లే. మీకు మొదటి రోజే పని మొదలుపెట్టాలని చేతులు దురద పెడతాయి. పెట్టకండి. అంకెలను ఆపేసి పనిచేయకండి. ఈగల్లా ఉన్నా సరే.

మర్నాడు పొద్దున కరెంటు లేదు. పాపకు తల దువ్వుతున్నాను. బాబు నా వీపు మీద వాలి ఉన్నాడు. రాత్రి వాళ్ల నాన్న నా కథకు తన నినాదాలు కూడా కలిపి వాళ్లకు చెప్పినట్టున్నాడు.

“అమ్మా, నువ్వు దవాఖాన కూలిపోకుంట ఆపినవట గద. డాడీ చెప్పిండు,” అంది పాప.

ఆ మాట బాగుంది. అలాగే ఉంచేయాలనిపించింది.

“ఆపిన బిడ్డా. గని కూలేటట్టు చేసింది గూడ నేనే.”

పాప వెనక్కి తిరిగి నా ముఖం చూసింది. “నువ్వా? మరి డాక్టరమ్మ కొట్టిందా?”

“కొట్టలే. మస్తు తిట్టింది. అటెన్క అన్నం పెట్టింది. మీరు గూడ ఏదన్న చెడగొడితే అచ్చి నాకు చెప్పుండ్రి. తిడుత, అన్నం పెడుత. గని జల్ది చెప్పాలె, స్లాబ్ పొయ్యకముందే.”